తీసేసింది ఎక్కడికి పోయింది?

ప్రశ్న: ప్రొడక్ట్ డిజైన్ చదువుతున్నాను. ఫోన్ల డిజైన్ మీద, యాప్‌లతో నడిచే సర్వీసు కంపెనీల మీద ఆన్‌లైన్‌లో జరిగే వాదనలు రోజూ చూస్తుంటాను. హెడ్‌ఫోన్ జాక్ తీసేయడం మోసమని ఒకరంటే ముందుచూపని ఇంకొకరు అంటారు. ఫోన్లన్నీ ఒకేలా ఉన్నాయి, అంతా కాపీ అంటారు. యాప్ కంపెనీలది టెక్నాలజీ కాదు, ఒట్టి దళారీ పని అంటారు. ఈ రంగాల్లో పనిచేసినవాళ్ళు వీటిని ఎలా చూస్తారు? ఎవరి మాట నమ్మాలి?

జవాబు:

నేను 11 ఏళ్ళు ఒక ఫోన్ల కంపెనీలో మెకానికల్ డిజైన్ టీంలో ఉన్నాను. ఫోన్ లోపల ఏ భాగం ఎక్కడ కూర్చోవాలో తేల్చే పని మాది. తర్వాత ఆరేళ్ళుగా ఒక డెలివరీ యాప్ కంపెనీలో, రైడర్లు వాడే యాప్ చూసుకుంటున్నాను. రెండు కంపెనీల పేర్లూ వద్దు, విషయానికి వాటితో పని లేదు.

మీరు చదివే వాదనలు నేనూ చదువుతాను. అప్పుడప్పుడు కోపం వస్తుంది, ఎక్కువసార్లు నవ్వొస్తుంది. బయట గొడవంతా "ఇది మంచిదా, చెడ్డదా" అని. లోపల మా గొడవ వేరు. "ఇక్కడ తీశాం సరే, ఇప్పుడు ఇది ఎవరి నెత్తిన పడుతుంది?" అని. ఫోన్‌లోంచి ఒక భాగం తీసేస్తే దాని భారం మాయమైపోదు. చోటో, ఖర్చో, చిరాకో, ఏదో ఒక రూపంలో ఇంకో చోట తేలుతుంది. సర్వీసు యాప్‌లలోనూ అంతే. అది తేలిన చోటు పట్టుకోగలిగితే మీరడిగిన వాటిలో చాలా వాటికి ఎవరి మాటా నమ్మాల్సిన పని ఉండదు.

జాక్ సంగతే ముందు చూద్దాం, దాని మీద ఇప్పటికీ కత్తులు నూరేవాళ్ళు ఉన్నారు కాబట్టి. 2016 సెప్టెంబరులో ఆపిల్ ఐఫోన్ 7 నుంచి జాక్ తీసేసింది. వేదిక మీద ఆపిల్ మార్కెటింగ్ పెద్ద ఫిల్ షిల్లర్ దానికి చెప్పిన కారణం ఒక్క మాటలో "ధైర్యం". ఆ మాట మీద వచ్చిన జోకులకు లెక్కలేదు. కానీ జాక్ లేని మొదటి ఫోన్ అది కాదు. 2014లో ఒప్పో ఆర్5 వచ్చింది, మందం 4.85 మి.మీ., అందులో జాక్ లేదు. అంత సన్నని ఒంట్లో 3.5 మి.మీ. ప్లగ్ పట్టే సాకెట్‌కు పైనా కిందా గోడలు కట్టడం దాదాపు కుదరని పని. ఐఫోన్ 7కు కొన్ని నెలల ముందు మోటో జెడ్ కూడా జాక్ లేకుండానే వచ్చింది. అప్పుడు ఇంత గోల లేదు. కాబట్టి "ఆపిల్ మొదలుపెట్టింది" అన్న మాట దగ్గరే చాలా వాదనలు దారి తప్పుతాయి.

ఇక చోటు సంగతి. "3.5" అన్న అంకె చూసి ఇదెంత తింటుందిలే అనుకుంటారు. అది ప్లగ్ లావు మాత్రమే. పొడవు 14 మి.మీ. ఉంటుంది. దాని చుట్టూ ప్లాస్టిక్ గొట్టం, అందులో ప్లగ్‌ను పట్టి ఉంచే స్ప్రింగు కాంటాక్టులు, నీళ్ళు రాకుండా రబ్బరు రింగు. ఇదంతా ఫోన్ కింది అంచు నుంచి లోపలికి పొడుచుకొస్తుంది. ఫోన్ మొత్తంలో ఆ కింది అంచే అన్నిటికన్నా గిరాకీ ఉన్న స్థలం. స్పీకర్, మైకు, చార్జింగ్ పోర్టు, యాంటెన్నా, వైబ్రేషన్ మోటారు, అన్నీ అక్కడికే వస్తామంటాయి. యాంటెన్నా టీం వాళ్ళు మా పక్కన లోహం పెట్టొద్దంటారు. స్పీకర్ వాళ్ళకు వెనకాల గాలి గది పెద్దదిగా కావాలి. నా ఉద్యోగంలో మీటింగులు సగం ఆ రెండు అంగుళాల గురించే నడిచాయి. అన్నదమ్ముల ఆస్తి తగాదా కూడా అంత హోరాహోరీగా ఉండదు.

అందుకే "చోటు కోసం తీశాం" అన్న మాట అబద్ధం కాదు. ఐఫోన్ 6ఎస్‌లో 1715 ఎంఏహెచ్ ఉన్న బ్యాటరీ ఐఫోన్ 7లో 1960 అయ్యింది, వైబ్రేషన్ మోటారు కూడా పెరిగింది. పూర్తి నిజమూ కాదు. 2017లో ఒక ఇంజనీరు ఐఫోన్ 7 విప్పి, నెలల తరబడి కుస్తీపట్టి, అందులో పనిచేసే జాక్ ఇరికించి వీడియో పెట్టాడు. నీళ్ళు పోకుండా ఉండాలంటే జాక్ ఉండకూడదన్న వాదనా నిలవదు. అదే 2016లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్7లో జాక్ ఉంది, నీళ్ళను తట్టుకునే ఐపీ68 రేటింగూ ఉంది.

మరి జాక్ ఎక్కడికి పోయింది? మన చెవుల్లోకి. మామూలు వైరు ఇయర్‌ఫోన్‌కు బ్యాటరీ అక్కర్లేదు. జాగ్రత్తగా వాడితే పదేళ్ళు మోగుతుంది. దాని బదులు వచ్చిన వైర్‌లెస్ ఇయర్‌బడ్ ఒక్కోదాంట్లో ఒక బుల్లి బ్యాటరీ ఉంటుంది, అది రెండు మూడేళ్ళకు నీరసిస్తుంది, చాలావాటిలో దాన్ని మార్చడం కుదరక మొత్తం పారేయాల్సిందే. ఫోన్‌లో దొరికిన చోటుకు అద్దె ఇలా మనం కడుతున్నాం. ఆ అద్దె వసూలు చేసేదీ చాలావరకు ఫోన్ కంపెనీలే. ఐఫోన్ 7 వచ్చిన ఏడాది చివర్లోనే ఆపిల్ సొంత వైర్‌లెస్ ఇయర్‌బడ్లు, ఎయిర్‌పాడ్స్, అమ్మకానికి వచ్చాయి. జాక్ తీసినందుకు ప్రకటనల్లో ఆపిల్‌ను వెక్కిరించిన శాంసంగ్ 2019లో గెలాక్సీ నోట్ 10 నుంచి తనూ తీసేసింది. వెక్కిరింత మార్కెటింగ్ వాళ్ళ పని, లాభనష్టాల లెక్క ఇంకో గదిలో జరుగుతుంది. ఆ గదిలో అందరి లెక్కా ఒకటే.

చార్జర్ కథ దీనికి తమ్ముడు. 2020 అక్టోబరులో ఐఫోన్ 12 పెట్టెలోంచి చార్జర్ పోయింది. పర్యావరణం కోసమన్నారు. పెట్టె చిన్నదైతే ఒకే రవాణాలో ఎక్కువ పెట్టెలు పడతాయి, అది కాదనలేం. కానీ ఆ పెట్టెలో ఇచ్చిన కేబుల్ రెండో కొస యూఎస్‌బీ-సి. అప్పటికి చాలామంది ఇళ్ళలో ఉన్న పాత చార్జర్లు వెడల్పు మూతి యూఎస్‌బీ-ఏ రకం. అంటే "మీ ఇంట్లో చార్జర్ ఉంది కదా" అంటూ ఆ చార్జర్‌కు పట్టని కేబుల్ చేతిలో పెట్టారు. పర్యావరణం మాట పెద్దగా వినబడింది, ఆ కొస మాత్రం పెట్టె విప్పాక గానీ కనబడలేదు. డిజైన్ చదివేవాళ్ళు ఇలాంటి కొసలే చూడాలి.

ఇప్పుడు మా తప్పు కాని ఒక సంగతి చెబుతాను. "సన్నని ఫోన్లు ఎవరడిగారు? కాస్త లావుగా చేసి పెద్ద బ్యాటరీ పెట్టండి" అని ప్రతి వాదనలోనూ ఎవరో ఒకరు రాస్తారు, దాని కింద వందల లైకులు పడతాయి. మేమూ అదే అనుకుని ఒకసారి మూడు డమ్మీలు చేయించాం. డమ్మీ అంటే లోపల ఏమీ పనిచేయని నమూనా. బరువు అసలు ఫోన్ అంత రావాలని లోపల స్టీలు ముక్కలు పెడతారు. ఒకటి సన్నది, ఒకటి మధ్యస్థం, ఒకటి రెండు రోజుల చార్జింగ్ వచ్చేంత లావుది. పిలిచిన జనాన్ని ముందు కాగితం మీద అడిగాం. లావుదే కావాలన్నారు. తర్వాత బల్ల మీద మూడూ పెట్టి పక్కకు నిలబడ్డాం. లావుదాన్ని ఎత్తారు, అరచేతిలో ఒకసారి తూచినట్టు ఆడించారు, కింద పెట్టేశారు. ఎక్కువమంది చివరికి పట్టుకుని కూర్చున్నది సన్నదాన్ని. ఒకావిడ అయితే లావుదాన్ని మళ్ళీ తీసుకుని, జేబులో పెట్టి చూసుకుని, "ఇది మా నాన్నగారికి బాగుంటుంది" అంది. ఆ మాట మా టీంలో ఏళ్ళ తరబడి సామెతలా తిరిగింది.

చిన్న ఫోన్లదీ ఇదే కథ. చేతిలో ఇమిడే ఫోన్ కావాలని ఇంటర్నెట్ అంతా అడిగింది. ఆపిల్ 2020లో 12 మినీ, 2021లో 13 మినీ తెచ్చింది. 2022లో మినీ లేదు. అడిగినవాళ్ళు అబద్ధం చెప్పారని కాదు, వాళ్ళు నిజంగానే కొనుక్కుని ఉంటారు. కాకపోతే వాదించేవాళ్ళ సంఖ్య వేరు, కొనేవాళ్ళ సంఖ్య వేరు.

అయితే సన్నదనం కూడా ఒక కనికట్టే. కెమెరా సెన్సర్ పెద్దదయ్యే కొద్దీ లెన్సు దానికి ఎక్కువ దూరంలో ఉండాలి. అది కాంతి నియమం, మీటింగులో మార్చగలిగేది కాదు. కాబట్టి పల్చబడిన ఫోన్ వీపు మీద కెమెరా బొడిపె లేచింది. బొడిపె వల్ల ఫోన్ బల్ల మీద ఊగుతుంది. ఊగుతోందని మనం కేస్ వేస్తాం. కేస్‌తో కలిపి చూస్తే మేము చెమటోడ్చి తగ్గించిన మందం మళ్ళీ వచ్చి చేరుతుంది, ఈసారి రబ్బరు రూపంలో, మీ ఖర్చుతో. ప్రకటనలో రాసే మందం మాత్రం బొడిపెను వదిలేసి కొలిచింది.

బ్యాటరీ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఇక్కడ ఇంజనీరింగ్‌ను, మోసాన్ని కలిపి తిట్టేస్తుంటారు. వెనక మూత గోటితో ఊడదీసి బ్యాటరీ మార్చుకునే రోజుల్లో ఆ బ్యాటరీకి తనదైన గట్టి డొక్కు ఉండేది. చేత్తో పట్టుకునే వస్తువు కాబట్టి అది తప్పదు. దాని కింద ఒక అర, పైన మూత, మూతకు కొక్కేలు. లోపల అతికించేస్తే ఇవేవీ అక్కర్లేదు, మెత్తని రేకు సంచిలో ఉన్న బ్యాటరీ సెల్‌ను నేరుగా పరుచుకోవచ్చు. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, అదే చోటులో ఎక్కువ శక్తి పడుతుంది. కానీ లిథియం సెల్ వాడే కొద్దీ కొంచెం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు చోటు వదలాలి. ఆ ఖాళీ కూడా మింగేయాలన్న ఆశ ప్రతి ప్రాజెక్టులో ఎవరో ఒకరికి పుడుతుంది. సెల్‌కు చోటు ఇరుకైతే ఏమవుతుందో 2016లో గెలాక్సీ నోట్ 7 మంటలంటుకుని చూపించింది. మొదటి రకం బ్యాటరీల్లో మూల దగ్గర చోటు చాలక ఎలక్ట్రోడ్ (సెల్ లోపలి పలుచని రేకు) వంగిందని, మార్చి ఇచ్చిన రెండో రకంలో వెల్డింగ్ లోపాలున్నాయని 2017 జనవరిలో శాంసంగే చెప్పింది. మోడల్ మొత్తాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ వార్త వచ్చాక మా ఆఫీసులో ఉబ్బు కోసం వదిలిన ఖాళీ మీద చాలాకాలం ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

దీన్ని 2017 డిసెంబరులో బయటపడ్డ ఐఫోన్ బ్యాటరీ వ్యవహారంతో పక్కపక్కన పెట్టి చూడండి. పాతబడ్డ బ్యాటరీలో లోపలి నిరోధం పెరుగుతుంది. ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే ఓల్టేజీ పడిపోయి, 30 శాతం చార్జింగ్ చూపిస్తున్న ఫోన్ కూడా టక్కున ఆరిపోతుంది. అలా ఆరిపోకుండా ఆపిల్ సాఫ్ట్‌వేర్‌తో ప్రాసెసర్ వేగం తగ్గించింది. ఇంజనీరుగా నేనైనా అదే చేసేవాణ్ణి. కానీ ఆ సంగతి వాడేవాళ్ళకు చెప్పలేదు. బ్యాటరీ మారిస్తే సరిపోయేదానికి ఫోన్ ముసలిదైందనుకుని ఎంతమంది కొత్తది కొన్నారో ఆలోచించండి. తర్వాత క్షమాపణ చెప్పి, 79 డాలర్ల బ్యాటరీ మార్పిడిని 29 డాలర్లకు తగ్గించారు. 2020లో అమెరికాలో 50 కోట్ల డాలర్ల దాకా చెల్లించేలా రాజీ కుదుర్చుకున్నారు. అక్కడ తప్పు చిప్పుల దగ్గర జరగలేదు, ఒక సెట్టింగ్స్ పేజీ దగ్గర జరిగింది. ఇప్పుడున్న "బ్యాటరీ హెల్త్" పేజీ ఆ గొడవ తర్వాతే పుట్టింది. ఆ ఒక్క పేజీ ముందే ఉండి ఉంటే కేసే లేదు.

ఐరోపా యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధనల ప్రకారం ఫోన్ బ్యాటరీ 800 సార్లు చార్జ్ చేశాక కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. ఇలాంటి నిబంధనలంటే ఇంజనీర్లకు చిరాకు అనుకుంటారు. నా అనుభవంలో అది తలకిందులు. "ఖాళీ తగ్గించు, జిగురు పెంచు" అని పైవాడు ఒత్తిడి పెట్టినప్పుడు చూపించడానికి మాకొక కాగితం దొరుకుతుంది.

కాపీ సంగతి తొందరగా ముగిస్తాను, ఎందుకంటే నాకు ఇది అంత గొప్ప వాదనగా కనిపించదు. ముందువైపు మొత్తం తెరే కావాలన్నాక మిగిలేది గుండ్రని మూలల గాజు పలక. మూలలు గుండ్రంగా లేకపోతే కిందపడ్డప్పుడు దెబ్బంతా ఆ ఒక్క మొన మీదే పడుతుంది, జేబూ చిరుగుతుంది. పైగా చాలా కంపెనీలు తెరలు కొనేది అవే కొద్దిమంది దగ్గర, కెమెరా సెన్సర్లు కొనేది అవే కొద్దిమంది దగ్గర. ఒకే సరుకుతో వండితే వంటలు దగ్గరదగ్గరగానే ఉంటాయి. అలాగని కాపీ అసలు లేదనను. తన డిజైన్ కాపీ కొట్టిందని శాంసంగ్ మీద ఆపిల్ 2011లో వేసిన కేసులో 2012 ఆగస్టులో జ్యూరీ శాంసంగ్‌కు వంద కోట్ల డాలర్లకు పైగా పరిహారం వేసింది, అది పై కోర్టుల దాకా వెళ్ళి 2018లో రాజీతో ముగిసింది. అదే ఏడేళ్ళూ శాంసంగ్ గ్రూపు నుంచి ఆపిల్ విడిభాగాలు కొంటూనే ఉంది. అభిమానులు మాత్రం రక్తసంబంధం ఉన్నట్టు కొట్టుకున్నారు.

ఇక యాప్ కంపెనీలు. "దళారీ" అన్నది తిట్టుగా వాడతారు గానీ దళారీ పని తేలికైంది కాదు. అమ్మేవాణ్ణీ కొనేవాణ్ణీ ఒక చోట చేర్చడం, మాటకు పూచీ పడటం, డబ్బు చేతులు మార్చడం, ఇవి ఎప్పుడూ ఉన్న పనులే. కొత్తగా వచ్చిందేమిటంటే, ఈ దళారీకి రెండువైపులా ధర తానే చెప్పే అధికారం ఉంది, ఒక వైపు చెప్పిన ధర రెండో వైపుకు కనబడదు. ఊబర్‌నే తీసుకోండి. మొదట్లో గిరాకీ ఎక్కువైతే "2.1 రెట్లు" అని తెర మీద పెద్దగా చూపించేది. జనం మండిపడేవాళ్ళు. 2016లో ఆ గుణకం తీసేసి, ప్రయాణానికి ఇంత అని ఒకే మొత్తం చూపించడం మొదలుపెట్టింది. తెర శుభ్రపడింది, చూడ్డానికి హాయిగా ఉంది. కానీ ఆ గుణకంతో పాటు ఇంకోటి పోయింది. ప్రయాణికుడు కట్టేదానికీ డ్రైవర్‌కు ముట్టేదానికీ మధ్య ఉన్న నేరు లెక్క తెగిపోయింది. ఒక అంకె తీసేయడం ఒక్కోసారి జాక్ తీసేయడం కన్నా పెద్ద డిజైన్ నిర్ణయం.

టెక్నాలజీ కంపెనీయా, రవాణా కంపెనీయా అన్న ప్రశ్న ఆన్‌లైన్‌లో ఇంకా నలుగుతోంది గానీ, కోర్టులు ఎప్పుడో తేల్చడం మొదలుపెట్టాయి. 2017 డిసెంబరులో ఐరోపా యూనియన్ న్యాయస్థానం ఊబర్‌ది రవాణా సేవే అంది. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ డ్రైవర్లు "వర్కర్లు" అని, కనీస వేతనం, సెలవు జీతం వాళ్ళకు వర్తిస్తాయని తీర్పిచ్చింది. కాలిఫోర్నియాలో కథ తిరగబడింది. 2020 నవంబరులో ఓటర్ల ముందుకు వచ్చిన ప్రతిపాదన 22 కోసం కంపెనీలు 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి గెలిపించుకున్నాయి. డ్రైవర్లు అక్కడ స్వతంత్ర కాంట్రాక్టర్లుగానే మిగిలారు. ఒకే యాప్, ఒకే బటన్లు, ఒకే మ్యాపు. దేశం మారితే స్టీరింగ్ వెనకున్న మనిషి హోదా మారిపోతుంది. అందుకే "యాప్ కంపెనీలు మంచివా?" అని అడిగితే నా దగ్గర జవాబు ఉండదు.

నష్టాల గురించి కూడా ఒక మాట. "ఇన్నేళ్ళుగా నష్టాలే, ఇదేం వ్యాపారం" అంటారు. 2009లో మొదలైన ఊబర్ ఏడాది మొత్తానికి నిర్వహణ లాభం మొదటిసారి చూపించింది 2023లో. మధ్యలోని ఆ పద్నాలుగేళ్ళ చవక ప్రయాణాలకు డబ్బు ఎవరిది? పెట్టుబడిదారులది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు కంపెనీలు డిస్కౌంట్లు పంచాయి. ఆ సొమ్ము ఆగగానే ధర అసలు మెట్టుకు చేరింది, సర్వీస్ ఫీజు, హ్యాండ్లింగ్ ఫీజు, చిన్న ఆర్డర్ ఫీజు అని చివరి తెర మీద ఒక్కోటీ దిగాయి. జనం "ధరలు పెంచేశారు" అంటారు. నిజానికి ముందు కట్టిందే అసలు ధర కాదు. ఫీజులు చివరి తెర దాకా దాచడం మాత్రం నాకు నచ్చదు, ఆ డిజైన్‌కు సమర్థన ఏమీ లేదు. మొదటి తెర మీదే మొత్తం చూపిస్తే ఆర్డర్లు తగ్గుతాయని మీటింగులో అంటారు. తగ్గుతాయి, ఆ తగ్గేవాళ్ళు వద్దనుకున్నవాళ్ళే కదా!

యాప్ స్టోర్లు 30 శాతం దాకా తీసుకునే కమిషన్ గురించి వాదించేవాళ్ళు తరచూ ఒకటి కలిపేస్తారు. ఆ కమిషన్ ఆటల్లో కొనే నాణేలు, పాటల చందాల్లాంటి డిజిటల్ సరుకుకే. టాక్సీ ఎక్కినా, పార్శిల్ తెప్పించినా ఆ బిల్లులో స్టోర్‌కు వాటా లేదు. ఫోర్ట్‌నైట్ ఆట తయారుచేసే ఎపిక్ కంపెనీ కోర్టుకెక్కింది, టాక్సీ కంపెనీ ఎక్కలేదు. ఎందుకో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

మా దగ్గర జరిగింది ఒకటి చెబుతాను, ఇది నేను కళ్ళారా చూసింది. రెస్టారెంట్ వాళ్ళ ట్యాబ్‌లో "రెడీ" అని ఒక బటన్ ఉంటుంది. ప్యాకింగ్ అయ్యాక నొక్కాలి. రద్దీ గంటల్లో వాళ్ళు ముందే నొక్కేసేవాళ్ళు, రైడర్ వచ్చి గుమ్మంలో నిలబడితే తమకు నిశ్చింత అని. నొక్కకపోతే వాళ్ళ రేటింగ్ పడిపోయేది, ఆ నియమం పెట్టింది మేమే. రైడర్ వచ్చేవాడు. లోపల ఇంకా పొయ్యి మీదే ఉండేది. పదిహేను నిమిషాలు నిలబడి తీసుకెళ్తే మా రిపోర్టులో "రైడర్ ఆలస్యం" అని పడేది, ఎందుకంటే సిస్టం దృష్టిలో ఆర్డర్ ఎప్పుడో రెడీ. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు వంటగది ఆలస్యం రైడర్ ఖాతాలో తేలింది. కస్టమర్ తక్కువ స్టార్లు ఇచ్చేది కూడా ఎదురుగా కనబడే ఆ మనిషికే.

దాన్ని సరిచేయడానికి కోడ్ పెద్దగా అక్కర్లేదు. రైడర్ ఫోన్ రెస్టారెంట్ దగ్గరికి చేరిన సమయం మా దగ్గర ఉంది, పార్శిల్ చేతికి అందిన సమయం ఉంది. ఆ తేడాను వంటగది ఖాతాలో వేయడానికి మా ఇంజనీర్లకు రెండు వారాలు పట్టింది. ఆ నిరీక్షణకు రైడర్‌కు డబ్బివ్వాలని ఒప్పించడానికి ఆరు నెలలు పట్టింది. చివరికి పది నిమిషాలు దాటితేనే ఇస్తామన్నారు. ఆ మొదటి పది నిమిషాలు ఇప్పటికీ రైడర్‌వే.

ఇక ఎవరి మాట నమ్మాలి అన్నది. రివ్యూ చేసేవాళ్ళు ఫోన్‌ను ఒక వారం, రెండు వారాలు వాడతారు. ఆ వారంలో కొత్త బ్యాటరీ, కొత్త గాజు, కొత్త పోర్టు. రిపేరు చేసేవాళ్ళు అదే ఫోన్‌ను మూడో ఏట చూస్తారు. పోర్టులో దుమ్ము, ఉబ్బిన సెల్, ఊడిపోయిన జిగురు, పగిలిన వెనక గాజు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నేర్చుకున్నది సగం రిపేరు బల్లల దగ్గరే. యాప్‌లకు కూడా అలాంటివాళ్ళు ఉన్నారు, డ్రైవర్లు, రైడర్లు. కస్టమర్‌కు యాప్ వారానికి రెండు మూడుసార్లు, పది నిమిషాలు. వాళ్ళకు రోజుకు పది గంటలు.

నా రెండు ఉద్యోగాలూ ఒకదానికొకటి ఎదురుపడింది ఆ పది గంటల్లోనే. వాన పడే రోజుల్లో రైడర్లు ఆర్డర్లు "తిరస్కరిస్తున్నారు" అని రిపోర్టులో కనబడేది. పై వాళ్ళకు బద్ధకంగా తోచింది. నేను ఒక సాయంత్రం ఒక రైడర్ వెనక కూర్చుని తిరిగాను. ఫోన్ హ్యాండిల్‌కు బిగించి ఉంది, తెర నిండా నీటి చుక్కలు. టచ్ తెర మన వేలిని గుర్తించేది అక్కడి విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పును బట్టి. నీటి చుక్క కూడా ఆ మార్పు తెస్తుంది, కాబట్టి ఫోన్‌కు ఏది వేలో ఏది నీరో అర్థం కాదు. మా యాప్‌లో ఆర్డర్ ఒప్పుకోవాలంటే ఒక బొమ్మను ఎడమ నుంచి కుడికి జరపాలి, పొరపాటున తగిలినా ఒప్పుకున్నట్టు కాకూడదని పెట్టిన ఏర్పాటు. అతను చొక్కా లోపలి అంచుతో తెర తుడుస్తాడు, జరుపుతాడు, సగంలో ఆగిపోతుంది. మళ్ళీ తుడుస్తాడు. ముప్పై సెకన్లు అయిపోయాయి. తిరస్కరించినట్టు నమోదైంది. "చూశారా సార్" అన్నాడు, అంతకుమించి ఏమీ అనలేదు.

ఆ స్లైడర్‌ను మా డిజైనర్లు ఆఫీసులో, పొడి వేళ్ళతో, ఖరీదైన ఫోన్ల మీద పరీక్షించారు. నేనూ ఆ గదిలో ఉన్నాను, నాకూ తట్టలేదు. పదకొండేళ్ళు ఫోన్లు తయారుచేసినవాణ్ణి! తర్వాత మేం చేసిన మార్పు చాలా చిన్నది. వాల్యూమ్ బటన్‌ను రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆర్డర్ ఒప్పుకున్నట్టు. తడి చేతులతోనైనా, గ్లవ్స్‌తోనైనా పనిచేస్తుంది, తెర వైపు చూడక్కర్లేదు. వాన రోజుల "తిరస్కరణలు" బాగా తగ్గాయి. ఫోన్ల కంపెనీలో ఉండగా ఆ వాల్యూమ్ బటన్లు తీసేసి పక్క అంచు నున్నగా చేద్దామని వాదించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. బటన్‌కు రంధ్రం కావాలి, రంధ్రానికి రబ్బరు కావాలి, అంతా దండగ అనేవాణ్ణి.

మీకు వీలైతే ఒక పని చేయండి. పాడైపోయిన పాత ఫోన్ ఒకటి సంపాదించి, చార్జింగ్ పూర్తిగా దించేసి, తెలిసినవాళ్ళ పక్కన కూర్చుని విప్పండి. బ్యాటరీకి మాత్రం లోహపు పనిముట్టు తగలనివ్వకండి. కింది అంచులో ఏమేం ఇరికించారో వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి. తర్వాత మీ మంచి ఫోన్‌లో ఏదైనా డెలివరీ యాప్ తెరిచి, చెయ్యి నీళ్ళలో ముంచి, ఒక ఆర్డర్ పెట్టి చూడండి. రెండూ చేశాక ఏం గమనించారో ఇక్కడే కింద రాయండి, దాని మీద మాట్లాడుకుందాం.